రంగుల పేర్లలో తొలి అక్షరం: రూపకల్పనలో దాని బలం, బలహీనత

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 తొలి అక్షరం అవసరం ఎప్పుడు పడుతుంది?
7.3 ఇంగ్లీషు పేర్ల చిక్కు: నాలుగు పరిష్కారాలు
7.4 తెలుగు పేర్ల తల, తోక
7.5 ‘పచ్చ’ అనే ప్రత్యేక సమస్య
7.6 యతిమైత్రి చేసే హెచ్చరిక
7.7 అచ్చులో అక్షరం: ఒక సవరణ
7.8 సారాంశం
7.9 నమూనా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• రంగు పేరుకు బదులు దాని తొలి అక్షరాన్ని వాడే పద్ధతిలోని గుణదోషాలను వివరించగలుగుతారు.
• ఒకే అక్షరంతో మొదలయ్యే రంగుల పేర్ల వల్ల వచ్చే చిక్కును వివిధ రంగాలవారు ఎట్లా పరిష్కరించుకున్నారో పోల్చి చెప్పగలుగుతారు.
• తెలుగు రంగుల పేర్ల నిర్మాణాన్ని విశ్లేషించి, పటాలకూ గ్రాఫులకూ తగిన సంకేతాలను ఎంపిక చేయగలుగుతారు.

7.1 పరిచయం

ముందుగా నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి. సుమారు పాతికేళ్ల కిందట దూరవిద్య విద్యార్థుల కోసం ఒక పాఠం తయారుచేశాను. అందులో మూడు పంటల దిగుబడిని చూపే గ్రాఫు ఉంది. నా రాతప్రతిలో మూడు గీతలనూ నలుపు, నీలం, నారింజ రంగుల్లో గీశాను. పుస్తకం ఒకే సిరాతో అచ్చవుతుందని తరవాత తెలిసింది. అప్పుడు మూడూ నల్లగీతలే అవుతాయి కదా! దానికి సులువైన మార్గం దొరికిందనుకున్నాను. ఒక్కొక్క గీత చివర దాని రంగు పేరులోని మొదటి అక్షరం వేశాను. కింద సూచికలో మాత్రం రంగుల పేర్లు పూర్తిగా ఉంచాను.

ఒక ఆదివారం సంపర్క తరగతిలో కుట్టుపని చేసుకుంటూ చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. “సార్, ఇక్కడ రెండు ‘న’లు ఉన్నాయి. నల్లగీత ఏది, నీలంగీత ఏది? రెండు రాత్రులు చూశాను, తెలియలేదు” అంది. నేను పేజీ వంక చూశాను. నలుపుకు ‘న’ వేశాను. నీలానికీ ‘న’ వేశాను. నారింజకు మాత్రం ‘నా’ వేశాను. నీలానికి ‘నీ’ అని వేయాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఇంగ్లీషు అలవాటు కొద్దీ గుణింతాన్ని వదిలేసి హల్లును మాత్రం పట్టుకున్నాను. రాసినవాడిని కనక ఏ గీత ఏదో నాకు తెలుసు. చదివేవారికి ఆ సౌకర్యం లేదు.

తరగతి గదిలో చదివే విద్యార్థి చెయ్యెత్తి అడుగుతాడు. దూరవిద్యలో చదివే మీకు రాత్రి పది గంటలకు అడగడానికి ఎవరూ ఉండరు. పేజీ మీద ఉన్న గుర్తే మీకు గురువు. అందుకే ఒక అక్షరం ఎంపికను చిన్న విషయంగా తీసుకోరాదు. ఈ యూనిట్‌లో ఆ చిన్న అక్షరాన్నే విమర్శకు తీసుకుంటున్నాం.

7.2 తొలి అక్షరం అవసరం ఎప్పుడు పడుతుంది?

రంగు కంటికి కనిపిస్తున్నప్పుడు దాని పేరుతో పని లేదు. రంగు కనిపించనప్పుడో, కనిపించినా నమ్మలేనప్పుడో పేరు కావాలి. పేరు రాయడానికి చోటు లేనప్పుడు తొలి అక్షరం కావాలి. ఇటువంటి సందర్భాలు ముఖ్యంగా మూడు.

ఒకటి, ఒకే సిరాతో అచ్చువేయడం, జిరాక్స్ తీయడం. రంగుల చార్టు జిరాక్స్ యంత్రం నుంచి బయటికి వచ్చేసరికి ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ ఇంచుమించు ఒకే బూడిదరంగులోకి దిగుతాయి. రెండు, రంగులను తేడాగా గుర్తించలేని కళ్లు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసి చూడలేని వర్ణాంధత్వం సాధారణంగా ఎక్స్ క్రోమోజోము ద్వారా సంక్రమిస్తుంది. అందువల్ల అది స్త్రీలలో కన్నా పురుషులలో చాలా ఎక్కువ. మూడు, రంగును మాటలో చెప్పవలసిన చోటు: ఫోనులో మెకానిక్‌కు చెప్పడం, దుకాణం పుస్తకంలో రాసుకోవడం, కంప్యూటర్‌కు ఆదేశం ఇవ్వడం వంటివి.

రంగు ఒక్కదాని మీదే ఆధారపడి సమాచారం ఇవ్వకూడదని వెబ్ పేజీల సుగమ్యతా మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. 2008లో వెలువడిన రెండో రూపంలో ఇది ఒక స్పష్టమైన ప్రమాణం. అంటే రంగుకు తోడుగా అక్షరమో, ఆకారమో, అంకెో ఉండాలి. అయితే తోడుగా వచ్చిన అక్షరమే రెండు రంగులకు చెందినదైతే, ఆ తోడు వల్ల ప్రయోజనం లేదు.

7.3 ఇంగ్లీషు పేర్ల చిక్కు: నాలుగు పరిష్కారాలు

బెర్లిన్, కే అనే ఇద్దరు పరిశోధకులు 1969లో ప్రచురించిన గ్రంథంలో ఇంగ్లీషుకు పదకొండు మౌలిక వర్ణపదాలను గుర్తించారు. అవి బ్లాక్, వైట్, రెడ్, గ్రీన్, ఎల్లో, బ్లూ, బ్రౌన్, పర్పుల్, పింక్, ఆరెంజ్, గ్రే. వీటి తొలి అక్షరాలు లెక్కపెట్టండి. ‘బి’తో మూడు, ‘జి’తో రెండు, ‘పి’తో రెండు. పదకొండింటిలో ఏడు పేర్లు తమ తొలి అక్షరాన్ని మరొక పేరుతో పంచుకుంటున్నాయి. ఏ గొడవా లేనివి వైట్, రెడ్, ఎల్లో, ఆరెంజ్ అనే నాలుగే.

మనం బడిలో ఇంద్రధనుస్సు కోసం నేర్చుకున్న ‘విబ్జియార్’ అనే కూర్పు ఎందుకు అంత హాయిగా పనిచేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. అందులోని ఏడు పేర్లకూ ఏడు వేరు అక్షరాలు ఉన్నాయి. బ్లాక్, బ్రౌన్, గ్రే ఇంద్రధనుస్సులో లేవు కనక అది బతికిపోయింది. ఆ మూడూ వచ్చి చేరిన చోట ఏం చేశారో చూద్దాం.

(అ) అక్షరాన్ని మార్చడం: నాలుగు రంగుల అచ్చులో సయాన్, మెజెంటా, ఎల్లో అనే మూడు సిరాలకు సి, ఎమ్, వై అని వాటి తొలి అక్షరాలే వాడతారు. నాలుగోదైన నలుపుకు మాత్రం ‘బి’ అనక ‘కె’ అంటారు. మిగిలిన మూడు ప్లేట్లనూ ఏ ప్లేటుకు సరిపోల్చి కూర్చుతారో దాన్ని ‘కీ’ ప్లేటు అంటారు. ఆ పని నల్లప్లేటుది. బ్లాక్ అనే మాటలోని చివరి అక్షరం కూడా ‘కె’యే కావడం కలిసివచ్చింది. ‘బి’ని బ్లూకు వదిలేశారు. కంప్యూటర్ తెర రంగులైన ఆర్–జి–బిలో ‘బి’ అంటే బ్లూయే. మాట్‌లాబ్ వంటి ప్రోగ్రాములలో గ్రాఫు గీసేటప్పుడు కూడా ‘బి’ అంటే నీలంగీత, ‘కె’ అంటే నల్లగీత. నలుపును అది చేసే పనిని బట్టి పిలవడం ఇక్కడి తెలివి. అయితే తెలియనివారికి ‘కె’ చూసి నలుపు అని తోచదు. ఒకరు చెప్పాలి.

(ఆ) రెండో అక్షరం చేర్చడం: అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 60757 అనే సంఖ్యతో రంగులకు సంకేతాల ప్రమాణం ఒకటి ఇచ్చింది. అందులో బ్లాక్‌కు బి–కె, బ్రౌన్‌కు బి–ఎన్, బ్లూకు బి–యు, గ్రీన్‌కు జి–ఎన్, గ్రేకు జి–వై. గమనించండి: ఈ అయిదింటిలో నాలుగింటికి తొలి అక్షరం పక్కన మాటలోని చివరి అక్షరాన్నే తెచ్చి పెట్టారు. తలలు ఒకటే కనక తోకతో గుర్తుపట్టారు. నాలుగు పరిష్కారాలలోనూ నాకు ఇది మేలైనదిగా కనిపిస్తుంది. పేరు తెలిసినవారు దీన్ని ఎవరూ నేర్పకుండానే చాలావరకు ఊహించగలరు.

(ఇ) వరసను నమ్ముకోవడం: పాలిటెక్నిక్‌లో చదివినవారికి రెసిస్టర్ రంగుల వరస గుర్తుండే ఉంటుంది. సున్నాకు బ్లాక్, ఒకటికి బ్రౌన్, రెండుకు రెడ్, ఆపైన ఆరెంజ్, ఎల్లో, గ్రీన్, బ్లూ, వయొలెట్, గ్రే, తొమ్మిదికి వైట్. ఈ వరసలో ‘బి’ మూడుసార్లు, ‘జి’ రెండుసార్లు వస్తుంది. దీనికోసం కట్టుకున్న వాక్యాలలో అక్షరం కన్నా దాని స్థానమే అర్థాన్ని ఇస్తుంది. వాక్యం మధ్యలో తడబడితే మొదటి నుంచి మళ్లీ చదువుకోవలసిందే. గుర్తుపెట్టుకోవడానికి ఇది సాయపడుతుంది. విడిగా ఒక అక్షరాన్ని చూసి రంగును గుర్తించడానికి సాయపడదు.

(ఈ) అంకెను తోడుచేయడం: షికాగో నగర రైలు మార్గాలకు 1993లో రంగుల పేర్లు పెట్టారు. అందులో బ్లూ, బ్రౌన్ రెండూ ఉన్నాయి. 2006లో పర్పుల్‌కు జతగా పింక్ కూడా చేరింది. అక్కడ పూర్తి పేరు రాయక తప్పదు. ఢిల్లీ మెట్రోలో గ్రీన్, గ్రే అనే రెండు మార్గాలున్నాయి. కాని ఆ రెండింటికీ అంకెలు ఉన్నాయి: గ్రీన్ అయిదో మార్గం, గ్రే తొమ్మిదో మార్గం. హైదరాబాద్ మెట్రోలో రెడ్, బ్లూ, గ్రీన్ మూడే కాబట్టి ప్రస్తుతానికి ఇంగ్లీషులోనూ తెలుగులోనూ తగాదా లేదు. మార్గాలు పెరిగేకొద్దీ కొత్త రంగు పేరును ఎంపిక చేసేటప్పుడు దాని తొలి అక్షరాన్ని కూడా చూసుకోవలసి వస్తుంది.

ఈ చిక్కు కాగితం మీద ఉన్నంతసేపు మహా అయితే మార్కులు పోతాయి. కరెంటు తీగల దగ్గరికి వస్తే ప్రాణాలకే ముప్పు. మీ ఊళ్లో పొలం మోటారు స్టార్టరు దగ్గర నిలబడి చూడండి. ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడు ఉంటాయి. వాటిని ఆర్ ఫేజు, వై ఫేజు, బి ఫేజు అంటారు. ఇక్కడ ‘బి’ అంటే బ్లూ. అందులో కరెంటు ఉంటుంది. మన పాత ఇళ్ల వైరింగులో ఎర్రతీగ లైవు, నల్లతీగ న్యూట్రల్, ఆకుపచ్చతీగ ఎర్తు. ఇక్కడ ‘బి’ అని రాస్తే బ్లాక్, అంటే న్యూట్రల్. అంతర్జాతీయ పద్ధతిలో తయారైన పరికరాల తీగలో బ్రౌన్ లైవు, బ్లూ న్యూట్రల్, ఆకుపచ్చ–పసుపు చారలది ఎర్తు. అక్కడ ‘బి’ అంటే బ్రౌనా, బ్లూనా? ఒకే ఒక్క అక్షరం ఒక చోట కరెంటు ఉన్న తీగ, మరొక చోట న్యూట్రల్, ఇంకొక చోట రెండింటిలో ఏదైనా కావచ్చు. ఎవరో చీటీ మీద రాసిన ‘బి’ని నమ్మి తీగ ముట్టుకోకూడదు. తీగల పని తెలిసినవారు టెస్టరుతో చూసుకోవడానికి కారణాల్లో ఇదొకటి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(1) నలుపు సిరాకు ‘కె’ అనే అక్షరాన్ని ఎందుకు వాడుతున్నారు?
(2) ‘బి’ అనే అక్షరం విద్యుత్ తీగల విషయంలో ఎందుకు ప్రమాదకరం?

7.4 తెలుగు పేర్ల తల, తోక

ఇప్పుడు అదే పదకొండు రంగులకు తెలుగులో వాడుకలో ఉన్న పేర్లు రాసుకుందాం: నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం, గోధుమ, ఊదా, గులాబీ, నారింజ, బూడిద. ఇవన్నీ తెలుగుకు ‘మౌలిక’ పదాలని నా ఉద్దేశం కాదు. గోధుమ, గులాబీ, నారింజ, బూడిద అనేవి వస్తువుల పేర్లు. వాటి పక్కన ‘రంగు’ చేర్చి వాడుకుంటున్నాం. మన పరిశీలనకు ఈ జాబితా చాలు.

ఇంగ్లీషు పద్ధతిలో హల్లులు మాత్రం చూస్తే ‘న’కారంతో మూడు, ‘గ’కారంతో రెండు. అంటే అయిదు పేర్లు చిక్కులో ఉన్నాయి. నేను గ్రాఫులో చేసిన తప్పు ఇదే. కాని తెలుగువాడికి ‘అక్షరం’ అంటే హల్లు ఒక్కటే కాదు, అచ్చుతో కూడిన హల్లు. పలకమీద దిద్దిన గుణింతాన్ని గుర్తుచేసుకుని మళ్లీ చూడండి: న, తె, ఎ, ఆ, ప, నీ, గో, ఊ, గు, నా, బూ. పదకొండు పేర్లకు పదకొండు వేరు అక్షరాలు. ఏ రెండూ కలవలేదు! ఇంగ్లీషువారు రెండో అక్షరాన్ని అరువు తెచ్చుకుని సాధించినదాన్ని మన లిపి ఒక్క అక్షరంలో ఇస్తున్నది.

ఇందులో కొంత యాదృచ్ఛికం ఉంది. ‘నలుపు’ ద్రావిడ మూలం ఉన్న మాట. ‘నీలం’ సంస్కృతం నుంచి వచ్చింది. ‘నారింజ’ పండు పేరు, మాటగా అది ఎన్నో దేశాలు తిరిగింది. ఇంగ్లీషు ‘ఆరెంజ్’ కూడా ఆ కుటుంబానిదే. ఐరోపా భాషల మీదుగా పోయేటప్పుడు దాని తల మీది ‘న’కారం రాలిపోయింది. మనకు ఆ ‘న’కారం మిగిలింది. అంటే మూడు దారుల్లో వచ్చిన మూడు మాటలు ఒకే హల్లు దగ్గర కలుసుకున్నాయి. వాటి మధ్య చుట్టరికం లేదు.

యాదృచ్ఛికం కాని సంగతి మరొకటి ఉంది. నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు: ఈ నాలుగు మాటలూ ‘పు’తో ముగుస్తాయి. మిగిలిన పేర్లలో చాలావాటికి ‘రంగు’ తోక, కొన్నింటికి ‘పచ్చ’ తోక. అంటే తెలుగు రంగుల పేర్లలో తోక ఉమ్మడి ఆస్తి. వ్యక్తిత్వం అంతా తలలోనే ఉంది. విశేషణాలుగా మారినా అంతే: నల్ల, తెల్ల, ఎర్ర. తోక మారింది, తల మారలేదు. ఇంగ్లీషులో తలలు కలిసిపోయి తోకలు వేరుచేస్తే, తెలుగులో తోకలు కలిసిపోయి తలలు వేరుచేస్తున్నాయి. కనక తొలి అక్షరంతో రంగును సూచించే పద్ధతి తెలుగుకు పరాయిది కాదు. నిజానికి ఇంగ్లీషు కన్నా తెలుగుకే అది బాగా అమరుతుంది. ఒక్క షరతు: అక్షరాన్ని గుణింతంతో సహా తీసుకోవాలి.

7.5 ‘పచ్చ’ అనే ప్రత్యేక సమస్య

పై జాబితాలో నేను ‘ఆకుపచ్చ’ అని రాశాను, ‘పచ్చ’ అని రాయలేదు. ‘పచ్చ’ అని రాసి ఉంటే పసుపు, పచ్చ రెండూ ‘ప’ కింద పడేవి. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ మాటకు ఒకే రంగు లేదు.

పచ్చని పైరు అంటే ఆకు రంగు. పచ్చకామెర్లు అంటే పసుపు రంగు. గుడ్డులోని పచ్చసొన పసుపు. రైల్వే గార్డు ఊపే పచ్చజెండా ఆకుపచ్చ. ఎన్నికల ఊరేగింపులో పచ్చజెండాలు అంటే మాత్రం చాలామందికి పసుపు జెండాలే గుర్తుకు వస్తాయి. సందర్భం తెలిసినవారికి ఇందులో ఏ అయోమయమూ లేదు. సందర్భం తెలియని సూచికలో, డబ్బా మీది చీటీలో మాత్రం ఉంది. ఆస్పత్రి వ్యర్థాల కోసం 2016 నిబంధనలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అనే నాలుగు రంగుల వర్గాలను పెట్టాయి. పురపాలక సిబ్బంది తడిచెత్తకు వాడే బుట్ట ఆకుపచ్చ. ఆస్పత్రిలో కొత్తగా పనిలో చేరినవారికి “పచ్చ సంచిలో వేయి” అని చెబితే, చెప్పినవారి మనసులో పసుపు, విన్నవారి మనసులో ఆకుపచ్చ ఉండవచ్చు. ప్రమాదకరమైన వ్యర్థం తప్పు చోటికి పోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఈ కలయిక నలుపు–నీలం కలయిక వంటిది కాదు. పసుపు, పచ్చ, పచ్చి, పసరు, పసిమి అన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులు. తమిళంలో ‘పచ్చై’ అంటే ఆకుపచ్చ. కన్నడంలో ఆ కుటుంబానికే చెందిన ‘హసిరు’ అన్నా ఆకుపచ్చే. తెలుగులో ఆ కుటుంబం రెండు రంగుల మీదా కాపురం పెట్టింది. ఇక్కడ తొలి అక్షరం కలవడం చుట్టరికానికి గుర్తు. అందుకే విడదీయడం కష్టం.

అయినా మన భాష దీనికి ఒక మార్గం కనిపెట్టింది. ‘పచ్చ’ను తోకకు పంపి, తేడా చెప్పే వస్తువును తలకు తెచ్చింది: ఆకుపచ్చ, చిలకపచ్చ, పసుపుపచ్చ. తగాదా పడే మాట వెనక్కి పోయింది, తగాదా తీర్చే మాట ముందుకు వచ్చింది. ఏ ప్రమాణాల సంఘమూ కూర్చుని దీన్ని నిర్ణయించలేదు. మాట్లాడేవారి అవసరమే దీన్ని నిర్ణయించింది. రూపకల్పన చేసేవారు దీని నుంచి నేర్చుకోవలసింది ఒక సూత్రం: సూచికలో ఒంటరి ‘పచ్చ’ ఎప్పుడూ రాయకూడదు. ఆకుపచ్చకు ‘ఆ’, పసుపుకు ‘ప’ అని స్థిరంగా వాడితే చిక్కు విడిపోతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(1) తెలుగు రంగుల పేర్లలో ‘తోక ఉమ్మడి, తల ప్రత్యేకం’ అనడానికి ఉదాహరణలివ్వండి.
(2) మీ ఇంట్లో, వీధిలో ‘పచ్చ’ అనే మాటను ఏయే వస్తువులకు వాడుతున్నారో అయిదు ఉదాహరణలు సేకరించి, అవి ఏ రంగువో రాయండి.

7.6 యతిమైత్రి చేసే హెచ్చరిక

పదకొండు అక్షరాలూ వేరని చెప్పాను. వేరైనంత మాత్రాన అన్నీ సమానమైన దూరంలో ఉన్నాయా? దీనికి సమాధానం ఛందస్సులో దొరుకుతుంది. ఛందస్సు పాఠం పద్యాలకే పరిమితమని మీరు అనుకుని ఉంటే, ఇక్కడ దాని మరో ఉపయోగం చూడండి.

యతిస్థానంలో పాదం మొదటి అక్షరంతో మైత్రి గల అక్షరం రావాలని మీరు చదివారు. హల్లుకు హల్లుతోనే కాదు, దాని మీది అచ్చుకు కూడా మైత్రి ఉండాలి. అ, ఆ, ఐ, ఔలు ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏలు ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓలు మరొక జట్టు. ఈ కొలత మన జాబితాకు వేసి చూడండి. నలుపు, నారింజలకు మైత్రి ఉంది: ‘న’కు ‘నా’ చెల్లుతుంది. నలుపు, నీలాలకు మైత్రి లేదు: ‘న’కు ‘నీ’ చెల్లదు. గోధుమ, గులాబీలకు మైత్రి ఉంది: ‘గో’కు ‘గు’ చెల్లుతుంది. ‘ప’కూ ‘బూ’కూ హల్లులు ఒకే వర్గానివైనా అచ్చుల జట్లు వేరు కనక చెల్లదు.

చెవికి దగ్గరగా వినిపించే అక్షరాలేవో మన లాక్షణికులు ఎప్పుడో వర్గీకరించి పెట్టారు. కవికి ఆ దగ్గరితనం కావాలి. పద్యంలో తొలి అక్షరాలు కలిస్తే అది గుణం, పాదం రెండు భాగాలనూ ఆ కలయిక ముడివేస్తుంది. సూచికలో తొలి అక్షరాలు కలిస్తే అది దోషం, విడివిడిగా ఉండవలసినవాటిని ఆ కలయిక ముడివేస్తుంది. చీరల దుకాణం ప్రకటనలో ‘న’కారంతో మొదలయ్యే రంగులన్నీ వరసగా చెబితే వినడానికి ఇంపుగా ఉంటుంది. అదే దుకాణం గోదాములో పెట్టెల మీద ఆ వరసే రాస్తే పనివాళ్లు తప్పు పెట్టె దింపుతారు. ఒకే లక్షణం పనిని బట్టి అందమూ అవుతుంది, అపాయమూ అవుతుంది. రూపకల్పనను విమర్శించేటప్పుడు ‘బాగుందా?’ అనే ప్రశ్న కన్నా ముందు ‘ఏ పనికి?’ అనే ప్రశ్న వేయవలసింది ఇందుకే.

కనక పదకొండింటిలో మనం కాపలా కాయవలసిన జంటలు ముఖ్యంగా రెండు: నలుపు–నారింజ, గోధుమ–గులాబీ. ఫోనులో చెప్పేటప్పుడు ఈ జంటలను పూర్తి పేర్లతోనే చెప్పాలి.

7.7 అచ్చులో అక్షరం: ఒక సవరణ

యతిమైత్రి చెవికి సంబంధించినది. కంటికి మరొక పరీక్ష ఉంది. న, నా, నీ అనే మూడింటికీ కింది భాగం ఒకటే. తేడా అంతా తలకట్టు ఉండే చోట, అంటే అక్షరం పైభాగంలో ఉంది. గ్రాఫులో గీత చివర చిన్న సైజులో అచ్చువేసి, దాన్ని రెండుసార్లు జిరాక్స్ తీస్తే మొదట మసకబారేది ఆ పైభాగమే. అప్పుడు ‘నా’ కాస్తా ‘న’గా, ‘నీ’ కాస్తా ఏదో చుక్కగా మిగిలిపోతుంది. చెవికి నీలం దూరమైనా కంటికి దగ్గరే.

వాడుకలో మరొక సంగతి ఉంది. మనలో చాలామంది బ్రౌన్, గ్రే, పింక్, ఆరెంజ్ అనే అంటున్నాం. వాటిని తెలుగు లిపిలో రాస్తే బ్లాక్, బ్లూ, బ్రౌన్‌లకు బ్లా, బ్లూ, బ్రౌ అనే అక్షరాలు వస్తాయి. గ్రీన్, గ్రేలకు గ్రీ, గ్రే వస్తాయి. వేరే అక్షరాలే, కాని వత్తులతో ఇరుకైనవి. చిన్న సైజులో వీటిని విడదీసి చదవడం మరీ కష్టం. నేను తెలుగు పేర్లే వాడమనడానికి భాషాభిమానం ఒక్కటే కారణం కాదు. ఈ పనికి అవి తేలిగ్గా చదవగలిగే అక్షరాలను ఇస్తున్నాయి.

కాబట్టి నా సూచన ఇది. చోటు ఉంటే పూర్తి పేరు రాయాలి. చోటు లేకపోతే ఒక అక్షరం కాక రెండక్షరాలు రాయాలి: నలు, నీలం, నారిం, గోధు, గులా, తెలు, ఎరు, పసు, ఆకు, ఊదా, బూడి. గుణింతం చెదిరినా రెండో అక్షరం ఆదుకుంటుంది. దానితోపాటు గీతల రూపం కూడా మార్చాలి: ఒకటి నిండుగీత, ఒకటి చుక్కలగీత, ఒకటి విరుపులగీత. అప్పుడు రంగు పోయినా అక్షరం, అక్షరం పోయినా ఆకారం మిగులుతుంది.

ఈ సూచన పూర్తిగా నాది కాదు. మొదట చెప్పిన విద్యార్థినిని ఆరోజు నేను క్షమాపణ అడిగి, “మీరు దారాల లెక్క ఎట్లా రాసుకుంటారమ్మా?” అని అడిగాను. తన సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి చూపింది. ఒక్కొక్క వరసలో ‘నల్ల’, ‘నీలం’, ‘తెల్ల’, ‘ఎర్ర’ అని రెండేసి అక్షరాలు, పక్కన దారపు ఉండల లెక్క. “ఒక్క అక్షరం రాస్తే సాయంత్రానికి నాకే తెలియదు సార్” అంది. తరవాతి ముద్రణలో ఆ గ్రాఫును ఆమె పద్ధతిలోనే దిద్దాను.

7.8 సారాంశం

రంగు కనిపించని చోట పేరు, పేరు పట్టని చోట తొలి అక్షరం పనిచేయవలసి వస్తుంది. ఇంగ్లీషులోని పదకొండు మౌలిక వర్ణపదాలలో ఏడింటికి తొలి అక్షరం మరొకదానితో కలుస్తుంది. దీనికి అక్షరం మార్చడం, రెండో అక్షరం చేర్చడం, వరసను పాటించడం, అంకెను తోడుచేయడం అనే పరిష్కారాలు వచ్చాయి. తెలుగులో తోకలు ఉమ్మడి, తలలు ప్రత్యేకం. గుణింతంతో సహా తీసుకుంటే తొలి అక్షరాలు కలవవు. ‘పచ్చ’ను ఒంటరిగా వాడకూడదు. చెవికి దగ్గరైన జంటలను యతిమైత్రి చూపిస్తుంది, కంటికి దగ్గరైనవాటిని అచ్చు చూపిస్తుంది. రెండక్షరాల సంకేతం ఈ రెండు ప్రమాదాలనూ చాలావరకు తగ్గిస్తుంది.

మీరు రేపు ఉపాధ్యాయులో, గుమాస్తాలో, దుకాణదారులో కావచ్చు. ఒక చార్టో, చీటీయో రాసినప్పుడు దాన్ని ఇంట్లో మరొకరికి ఇచ్చి, మీరు పక్కన లేకుండా చదవమనండి. వారు వచ్చి “ఇది ఏ ‘న’?” అని అడిగితే తప్పు వారిది కాదు.

7.9 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
(1) రంగుల పేర్లకు తొలి అక్షరాన్ని సంకేతంగా వాడే పద్ధతిని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
(2) తెలుగు, ఇంగ్లీషు రంగుల పేర్ల నిర్మాణంలోని తేడాను వివరించి, రూపకల్పనలో ఆ తేడాకున్న ప్రయోజనాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
(1) ‘పచ్చ’ అనే పదంలోని అస్పష్టతను తెలుగు భాష ఎట్లా తొలగించుకుంది?
(2) తొలి అక్షరాల కలయిక పద్యంలో గుణం, సూచికలో దోషం ఎట్లా అవుతుంది?

III. అభ్యాసం
మీ దగ్గరున్న ఏదైనా పాఠ్యపుస్తకంలో రంగుల సూచిక ఉన్న ఒక పటాన్ని తీసుకోండి. దాన్ని జిరాక్స్ తీయించి, రంగులు లేకుండా చదవడానికి వీలుగా రెండక్షరాల సంకేతాలతో సూచికను మళ్లీ తయారుచేయండి.